కాలితో నొక్కే మిడి కంట్రోలర్ సొంతంగా చేస్తున్నా, తప్పటడుగు ఎక్కడ వేస్తున్నానో చెప్పండి

ఆరోతీగ

అందరికీ నమస్కారం. గిటారు చాలా ఏళ్ళుగా వాయిస్తున్నాను, ఎలక్ట్రానిక్స్‌లో మాత్రం ఇప్పుడే అక్షరాలు దిద్దుతున్నాను.

నా దగ్గర ఒక యాంప్ మోడలర్ (రకరకాల యాంప్‌ల శబ్దాన్ని అనుకరించే పెట్టె), ఒక డిలే పెడల్ (ప్రతిధ్వని ఇచ్చేది) ఉన్నాయి. రెండింటికీ మిడి ఇన్ ఉంది, అంటే బయటి నుంచి కేబుల్ ద్వారా వచ్చే ఆదేశాలు అందుకుంటాయి. పల్లవి అయ్యి సోలోకి వెళ్ళేటప్పుడు క్లీన్ టోన్ పోయి డిస్టార్షన్ రావాలి, డిలే ఆన్ అవ్వాలి, రిపీట్లు పెరగాలి. ఇప్పుడు దీనికి మూడు నొక్కుళ్ళు కావాలి. ఒంటికాలి మీద కుప్పిగంతులు వేస్తున్నట్టు ఉంటుంది నా అవతారం. ఒక్క నొక్కుతో మూడూ జరగాలన్నదే నా కోరిక.

అనుకున్నది ఇదీ: ఆర్డుయినో నానో (కోడ్ రాసి నడిపించే చిన్న బోర్డు) ఒకటి, ఫుట్‌స్విచ్‌లు ఆరు, ఎక్స్‌ప్రెషన్ పెడల్‌కి (కాలితో వంచుతూ విలువ పెంచి తగ్గించేది) ఒక జాక్, వెనక ఐదు పిన్నుల మిడి సాకెట్, అల్యూమినియం పెట్టె. స్విచ్‌లు కొనేశాను. పెడల్స్‌లో వాడేవే, కింద తొమ్మిది కాళ్ళు ఉంటాయి, నొక్కితే టక్కుమంటాయి. ఇవి పనికొస్తాయా? మిడి సాకెట్‌కి ఏ వైరు ఎక్కడ కలపాలి? కోడ్ రాయడం ఎంత కష్టం?

పొగరాయుడు

స్వాగతం. కొనేశాక అడిగారు, సరే.

ఆ తొమ్మిది కాళ్ళవి లాచింగ్ స్విచ్‌లు. ఒకసారి నొక్కితే ఒక పక్కకి వెళ్ళి అక్కడే ఉండిపోతాయి, మళ్ళీ నొక్కితే ఇవతలికి వస్తాయి. ట్రూ బైపాస్ పెడల్‌కి (ఆపినప్పుడు గిటార్ సిగ్నల్‌ని నేరుగా దాటించేది) కావలసింది అదే. మీకు కావలసింది మొమెంటరీ, అంటే కాలు తీయగానే తెరుచుకునేది. "ఏ పక్కకి మారినా నొక్కినట్టే లెక్క" అని కోడ్‌లో రాసుకుని లాచింగ్ వాటితోనూ లాగించొచ్చు గానీ, వాటికి బలంగా తొక్కాలి, కాలు ఎప్పుడు తీశారన్నది బోర్డుకి ఎప్పటికీ తెలియదు. వాటిని వేరే పెడల్‌కి దాచుకోండి. రెండు కాళ్ళ సాఫ్ట్ టచ్ మొమెంటరీలు తెచ్చుకోండి, ఎక్కువగా అదే 12 మిల్లీమీటర్ల రంధ్రంలో కూర్చుంటాయి.

స్విచ్ వైరింగ్‌లో పెద్ద విద్య ఏమీ లేదు. ఒక కాలు డిజిటల్ పిన్‌కి, రెండోది గ్రౌండ్‌కి. బోర్డు లోపలి పుల్లప్ (పిన్‌ని 5 వోల్టుల వైపు లాగి ఉంచే రెసిస్టర్) ఆన్ చేసుకుంటే బయట రెసిస్టర్ కూడా అక్కర్లేదు. నొక్కినప్పుడు 0, వదిలినప్పుడు 1 చదువుతుంది. ఇది తిరగబడి ఉందేమిటని కంగారు పడొద్దు. ఇంకో సంగతి, లోపలి లోహపు పలకలు తగిలినప్పుడు కొన్ని మిల్లీసెకన్లపాటు ఎగిరెగిరి పడతాయి. ఒక్క నొక్కు నాలుగు నొక్కుళ్ళుగా కనిపిస్తుంది. మొదటి మార్పు పట్టుకున్నాక 10 నుంచి 20 మిల్లీసెకన్లు ఆ స్విచ్‌ని పట్టించుకోవద్దని కోడ్‌లో చెప్పాలి.

మిడి అవుట్: 5 వోల్టుల నుంచి 220 ఓమ్స్ రెసిస్టర్ గుండా సాకెట్ 4వ పిన్‌కి. బోర్డు టీఎక్స్ (సీరియల్ డేటా బయటికి పంపే పిన్) నుంచి ఇంకో 220 ఓమ్స్ గుండా 5వ పిన్‌కి. 2వ పిన్ గ్రౌండ్. 1, 3 ఖాళీ. సీరియల్ వేగం 31,250. అంతే.

సాకెట్ పిన్నులు వరసగా 1, 2, 3, 4, 5 అని ఉండవు. ఆ అర్ధచంద్రంలో 1, 4, 2, 5, 3 అని ఉంటాయి. ముందు నుంచి చూసినదానికి, టంకం వేసే వెనక వైపు నుంచి చూసినదానికి కుడి ఎడమలు తారుమారు. నూటికి తొంభై మంది ఇక్కడే బోల్తా పడతారు. నేనూ పడ్డాను.

అపస్వరం

క్షమించాలి, నిరుత్సాహపరచడం కాదు గానీ, సెకండ్ హ్యాండ్‌లో రెడీమేడ్‌ది కొనుక్కుని ఆ నెల రోజులూ స్కేల్స్ ప్రాక్టీస్ చేసుకుంటే మంచిది కదా? ఇలా మొదలుపెట్టి సగంలో అటక ఎక్కించినవాళ్ళని చాలామందిని చూశాను.

శ్రుతిపెట్టె

అపస్వరం గారూ, అటక ఎక్కినవాటిలో నాదీ ఒకటి ఉంది. రెండోది మాత్రం ఇప్పటికీ స్టేజి మీద నా కాళ్ళ ముందే ఉంటుంది. రెడీమేడ్‌లో స్విచ్‌లు ఎవరి పాదానికో సరిపడే దూరంలో ఉంటాయి. సొంతంగా చేసుకోవడానికి నాకు అదొక్క కారణమే చాలు.

ఆరోతీగ గారూ, సోల్డరింగ్ ఐరన్ ముట్టుకునే ముందు ఒక అట్టముక్క తీసుకోండి. స్విచ్‌లు ఎక్కడెక్కడ వస్తాయో గుండ్రాలు గీసి నేల మీద పెట్టండి. మీరు స్టేజి మీద వేసుకునే బూట్లే వేసుకుని, గిటారు మెడలో తగిలించుకుని, లైట్లు తీసేసి, పాట వాయిస్తూ ఆ గుండ్రాల మీద కాలు పెట్టండి. మధ్యమధ్యలో లైటు వేసి కాలు ఎక్కడ పడిందో చూసుకోండి. నా మొదటిదాంట్లో స్విచ్‌ల మధ్య దూరం 45 మిల్లీమీటర్లు. బల్ల మీద చూస్తే ముచ్చటగా ఉండేది. బూటుతో తొక్కితే రెండు కలిసి పడేవి. ఇప్పుడు 75కి తక్కువ పెట్టను. రెండు వరసలైతే వెనక వరస ఎత్తులో ఉండాలి, లేకపోతే వెనకదాన్ని అందుకోబోతే మడమ ముందుదాన్ని నొక్కేస్తుంది.

డ్రిల్ చేసిన పెట్టెకి రంధ్రాలు జరపలేం. కోడ్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. అందరూ కోడ్‌తో మొదలుపెట్టి రంధ్రాలు చివర్లో ఆదరాబాదరాగా పెడతారు.

బైట్‌బాబు

కోడ్ సంగతి నేను చెప్తా.

మీకు కావలసినవి రెండే రకాల మెసేజ్‌లు. ప్రోగ్రామ్ ఛేంజ్ రెండు బైట్లు: చానెల్ 1కి అయితే 192, తర్వాత ప్రీసెట్ (ముందే దాచిపెట్టుకున్న టోన్) నంబరు. కంట్రోల్ ఛేంజ్ మూడు బైట్లు: 176, తర్వాత కంట్రోలర్ నంబరు, తర్వాత విలువ. చానెల్ 2 కావాలంటే 193, 177. అలా 16 చానెళ్ళ వరకు. మొదటి బైట్ ఎప్పుడూ 128 లేదా అంతకంటే ఎక్కువ, వెనక వచ్చేవి ఎప్పుడూ 0 నుంచి 127 లోపు. మిడి వచ్చింది 1983లో, ఈ వ్యాకరణం ఇప్పటికీ అదే.

మోడలర్‌ని చానెల్ 1లో, డిలేని చానెల్ 2లో పెట్టండి. కొన్ని పరికరాలు కొత్తలో ఓమ్ని మోడ్‌లో ఉంటాయి, ఏ చానెల్ మెసేజ్ వచ్చినా స్పందిస్తాయి. అది ముందు ఆపండి. కంట్రోలర్ నుంచి మోడలర్‌కి, మోడలర్ త్రూ (వచ్చిన మెసేజ్‌ని అలాగే ముందుకి పంపే సాకెట్) నుంచి డిలేకి కేబుల్.

ఆలస్యం గురించి భయం వద్దు. స్టార్ట్ బిట్, స్టాప్ బిట్ కలుపుకుని ఒక్కో బైట్‌కి 10 బిట్లు, అంటే 320 మైక్రోసెకన్లు. మూడు బైట్ల మెసేజ్ ఒక మిల్లీసెకను లోపే అయిపోతుంది. ఒక్క నొక్కుకి ఐదు మెసేజ్‌లు పంపినా 5 మిల్లీసెకన్లు దాటదు. ఆలస్యం వచ్చేది మన కోడ్‌లోనే. డిబౌన్స్ (స్విచ్ పలకలు ఎగిరిపడటాన్ని వడకట్టడం) కోసం కోడ్‌లోని డిలే ఫంక్షన్ పెట్టి బోర్డుని నిద్రపుచ్చొద్దు, మిల్లిస్ అనే ఫంక్షన్‌తో సమయం చూసుకుంటూ తిరగనివ్వండి.

ఇంకో సలహా. ఆరు స్విచ్‌లతో పన్నెండు పనులు చేయించుకోవచ్చు. కాసేపు నొక్కి పట్టుకుంటే వేరే పని చేసేలా రాసుకోండి.

శ్రుతిపెట్టె

> కాసేపు నొక్కి పట్టుకుంటే వేరే పని

దీనికి నేను ఒప్పుకోను బైట్‌బాబు గారూ. నొక్కి పట్టుకున్నారా, ఊరికే నొక్కారా అన్నది కాలు తీసేదాకా బోర్డుకి తెలియదు. అంటే మామూలు నొక్కు పని కూడా కాలు తీసినప్పుడే జరుగుతుంది. నా కాలు లేవడానికి సులువుగా 150 మిల్లీసెకన్లు పడుతుంది. 120 టెంపోలో పదహారో నోటు 125 మిల్లీసెకన్లు. సోలోలో మొదటి నోటు క్లీన్ టోన్‌లోనే వెళ్ళిపోయి రెండో నోటుకి డిస్టార్షన్ వస్తుంది. వినేవాళ్ళకి నా చేయి తడబడినట్టు ఉంటుంది.

బైట్‌బాబు

నిజమే, కీబోర్డు ముందు కూర్చుని ఆలోచించాను. అయితే ఇలా చేద్దాం. నొక్కగానే మామూలు పని వెంటనే జరిగిపోవాలి. ఇంకా పట్టుకునే ఉంటే, 600 మిల్లీసెకన్ల తర్వాత అదనపు పని జరగాలి. మొదటి పని ఎలాగూ జరిగిపోతుంది కాబట్టి, జరిగినా నష్టం లేని చోటే ఇది పెట్టుకోవాలి. ఉదాహరణకి ట్యూనర్. ట్యూనర్ వస్తే సౌండ్ మూసుకుపోతుంది, ఏ ప్రీసెట్ మారిందో ఎవరికీ వినపడదు.

శ్రుతిపెట్టె

ఇది బాగుంది. నాదాంట్లో కూడా మార్చుకుంటా. ట్యాప్ టెంపో (తాళానికి తగ్గట్టు నొక్కి వేగం కుదిర్చే) స్విచ్‌కి మాత్రం ఇంకే పనీ అంటగట్టొద్దు, దానికి నొక్కిన క్షణమే ప్రాణం.

ఆరోతీగ

ఇంత ఓపిగ్గా చెప్పినందుకు అందరికీ దండాలు. అట్టముక్క ప్రయోగం చేశాను. నేను అనుకున్న 60 మిల్లీమీటర్లకి పదిసార్లలో నాలుగుసార్లు పక్క గుండ్రం తొక్కాను. 80కి మార్చాను. పెట్టె కూడా పెద్దది తీసుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు చేదు వార్త. బోర్డు పోయింది. పెడల్స్‌కి వాడే 9 వోల్టుల అడాప్టర్ ఉంది కదా, దాన్నే పెడదామని డీసీ జాక్ బిగించి, మధ్య పిన్ ప్లస్ అనుకుని బోర్డు విన్‌కి (కరెంటు తీసుకునే పిన్) కలిపాను. సన్నగా పొగ, ఘాటైన వాసన. సగం సెకనులో తీసేశాను గానీ అప్పటికే అయిపోయింది.

పొగరాయుడు

నా పేరు ఇలాంటి సందర్భంలోనే వచ్చింది, బాధపడకండి తమ్ముడూ.

గిటార్ పెడల్ అడాప్టర్లలో ఎక్కువ భాగం మధ్య పిన్ మైనస్. ఇంట్లో ఉండే మిగతా సామాను చాలావరకు మధ్య పిన్ ప్లస్. అడాప్టర్ మీద చిన్న బొమ్మ ఉంటుంది, అది చూసి, ఆపైన మల్టీమీటర్ పెట్టి కూడా చూడండి. ప్లస్ దారిలో ఒక 1ఎన్5817 షాట్కీ డయోడ్ వరసలో పెట్టండి. కొద్దిపాటి వోల్టేజి తింటుంది గానీ, ఈసారి తిరగేసి పెట్టినా ఏమీ కాదు.

ఇదే చోట ఇంకో గొయ్యి ఉంది, చెప్పేస్తా. మధ్య పిన్ మైనస్ అయితే జాక్ బయటి భాగం ప్లస్ అన్నమాట. మీరు కొన్నది లోహపు డీసీ జాక్ అయితే అది అల్యూమినియం పెట్టెకి తగులుతుంది, పెట్టె మొత్తం ప్లస్ అయిపోతుంది. ఎక్స్‌ప్రెషన్ జాక్ బయటి భాగం అదే పెట్టెకి గ్రౌండ్ తగిలిస్తుంది. షార్ట్. డీసీ జాక్ ప్లాస్టిక్‌ది వాడండి.

కొత్తచేతులు

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నా పెడల్‌కి మిడి ఇన్ అని రాసి ఉంది గానీ ఐదు పిన్నులు లేవు, హెడ్‌ఫోన్ లాంటి చిన్న రంధ్రం ఉంది. దానికీ ఇదే సర్క్యూటా?

బైట్‌బాబు

సర్క్యూట్ ఇదే, కేబుల్ వేరు. ఆ చిన్న జాక్‌లో రెండు పద్ధతులున్నాయి. ప్లగ్ కొన టిప్, మధ్య పట్టీ రింగ్, మొదలు స్లీవ్. టైప్ ఏలో టిప్ అంటే 5వ పిన్, రింగ్ అంటే 4వ పిన్. టైప్ బీలో ఆ రెండూ తారుమారు. స్లీవ్ రెండింటిలోనూ 2వ పిన్నే. 2018లో టైప్ ఏని ప్రమాణంగా తీసుకున్నారు, అంతకుముందు తయారైనవి ఎలాగైనా ఉండొచ్చు. మీ పెడల్ మాన్యువల్ చూడండి. ఒకవేళ తప్పు కేబుల్ పెట్టినా లోపలి ఆప్టోకప్లర్‌కి (వైర్లు కలపకుండా కాంతితో సిగ్నల్ దాటించే చిప్) అడ్డంగా రక్షణ డయోడ్ ఉంటుంది, మెసేజ్ వెళ్ళదంతే.

ఆరోతీగ

కొత్త నానో వచ్చింది. డయోడ్ పెట్టాను, ప్లాస్టిక్ జాక్ పెట్టాను. స్విచ్‌లన్నీ చదువుతోంది. కానీ మోడలర్ మాత్రం ఉలకదు పలకదు.

పొగరాయుడు

కేబుల్ తీసేసి సాకెట్ 4, 5 పిన్నుల మధ్య ఒక ఎల్ఈడీ పెట్టండి, పొడుగు కాలు 4 వైపు. రెసిస్టర్లు ఎలాగూ లోపలే ఉన్నాయి. స్విచ్ నొక్కితే మినుకుమనాలి. మనకపోతే నేను చెప్పిన కుడి ఎడమల కథే.

ఆరోతీగ

ఆ కథే! వెనక నుంచి చూసి ముందు బొమ్మ ప్రకారం సోల్డర్ చేశాను. 4, 5 వైర్లు మార్చగానే ఎల్ఈడీ మినుకుమంది, మోడలర్ కదిలింది.

కదిలింది గానీ దయ్యం పట్టినట్టు కదులుతోంది. ప్రీసెట్ 3 కోసం స్విచ్ నొక్కుతాను. తెర మీద నంబర్లు గబగబా మారిపోయి 11 దగ్గర ఆగుతుంది. ప్రీసెట్ 7 స్విచ్ నొక్కినా 11. ఏది నొక్కినా 11. డిలే ఇంకా కలపలేదు. కోడ్‌లో 11 అన్న అంకె ఎక్కడా లేదు, మూడుసార్లు వెతికాను. స్విచ్ సరిగ్గా పడిందో లేదో చూసుకోవడానికి ప్రతి నొక్కుకీ సీరియల్‌లో ఒక వాక్యం ప్రింట్ చేయిస్తున్నాను, అందులో కూడా సరైన స్విచ్ నంబరే వెళ్తోంది.

అపస్వరం

నా సెకండ్ హ్యాండ్ సలహా ఇంకా చెల్లుతుంది.

బైట్‌బాబు

ఆగండాగండి. దయ్యం దొరికింది. ఆ ప్రింట్ వాక్యమే.

నానోలో యూఎస్‌బీకి వెళ్ళే సీరియల్, మీ మిడి సాకెట్‌కి వెళ్ళే టీఎక్స్ రెండూ ఒకటే తీగ. మీరు కంప్యూటర్ కోసం ప్రింట్ చేసే ప్రతి అక్షరమూ మిడి కేబుల్‌లోకి కూడా వెళ్తోంది. ఇంగ్లీషు అక్షరాల కోడ్‌లన్నీ 128 కంటే తక్కువే. మిడిలో రన్నింగ్ స్టేటస్ అని ఒక సదుపాయం ఉంది. అదే రకం మెసేజ్ వరసగా పంపేటప్పుడు మొదటి బైట్ మళ్ళీ మళ్ళీ పంపక్కర్లేదు. మీరు 192 పంపారు, ప్రీసెట్ నంబరు పంపారు. దాని వెనకే వాక్యం వచ్చింది. 192 ఇంకా అమల్లోనే ఉందనుకుని మోడలర్ ఒక్కో అక్షరాన్నీ కొత్త ప్రీసెట్ నంబరుగా చదువుకుంటూ పోయింది.

మరి 11 ఎందుకు? ప్రింట్ఎల్ఎన్ (వాక్యం ప్రింట్ చేసి కొత్త వరసకి వెళ్ళే ఆదేశం) వాడితే వాక్యం చివర కంటికి కనిపించని రెండు బైట్లు వెళ్తాయి, 13, ఆ తర్వాత 10. చివరిది 10. మిడిలో లెక్క 0 నుంచి మొదలు, మీ మోడలర్ తెర మీద 1 నుంచి. కాబట్టి 10 వెళ్తే 11 కనిపిస్తుంది.

ప్రింట్‌లన్నీ తీసేయండి. చూసుకోవడం తప్పదంటే ఎల్ఈడీ వెలిగించి చూసుకోండి. కొత్త బోర్డు కొనే ముందు అడిగి ఉంటే ఏటీమెగా32యు4 చిప్ ఉన్నది తీసుకోమనేవాణ్ని. దాంట్లో యూఎస్‌బీ వేరు, టీఎక్స్ వేరు, పైగా కంప్యూటర్‌కి నేరుగా మిడి పరికరంగా కనిపిస్తుంది.

ఆరోతీగ

తీసేశాను. ప్రీసెట్ 3 అంటే... 4 వస్తోంది. నవ్వకండి, అర్థమైంది, కోడ్‌లో ఒకటి తగ్గించాను. ఇప్పుడు 3 అంటే 3.

నిన్న రాత్రి డిలే కూడా కలిపాను. ఒక్క నొక్కు, మూడు పనులు. ఇంట్లో అందరూ పడుకున్నాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ ఒక్క స్విచ్‌నే పావుగంట నొక్కుతూ కూర్చున్నాను.

ఇక ఎక్స్‌ప్రెషన్ పెడల్. టిప్, రింగ్, స్లీవ్ మూడు వైర్లు ఎటు?

పొగరాయుడు

చాలా పెడల్స్‌లో టిప్ అంటే పొటెన్షియోమీటర్ మధ్య కాలు, రింగ్‌కి 5 వోల్టులు, స్లీవ్ గ్రౌండ్. కొన్నింటిలో టిప్, రింగ్ తారుమారుగా ఉంటాయి. టిప్‌ని అనలాగ్ పిన్‌కి కలపండి. రింగ్‌కి 5 వోల్టులు ఇచ్చేచోట 1 కిలో ఓమ్ రెసిస్టర్ ఒకటి తప్పనిసరిగా పెట్టండి. జాక్ లోపలికి తోస్తున్నప్పుడు ఒక్క క్షణం రింగ్, స్లీవ్ కలుస్తాయి. ఎవరైనా పొరపాటున మామూలు గిటార్ కేబుల్ గుచ్చితే కలిసే ఉంటాయి. రెసిస్టర్ లేకపోతే బోర్డు 5 వోల్టులు నేలపాలు.

శ్రుతిపెట్టె

వాల్యూమ్ పెడల్ ఎక్స్‌ప్రెషన్ పెడల్ కాదు. చూడటానికి ఒకేలా ఉంటాయి గానీ, మొదటిదాని గుండా గిటార్ సిగ్నలే వెళ్తుంది. ఉన్నదే వాడేద్దాం అనుకుంటారేమోనని చెప్తున్నా.

ఆరోతీగ

ఎక్స్‌ప్రెషన్ పెడలే అక్కా. వైరింగ్ అయ్యింది, వా ఎఫెక్ట్ పనిచేస్తోంది. రెండు బాధలు. కాలు కదపకపోయినా విలువ 63, 64, 63 అని ఊగుతోంది. పైగా పెడల్ కలిపినప్పటి నుంచి ప్రీసెట్ మారడం ఆలస్యమవుతోంది.

బైట్‌బాబు

రెండింటికీ మూలం ఒకటే, మీరు లూప్ తిరిగిన ప్రతిసారీ విలువ పంపుతున్నారు. ఈ తీగలో సెకనుకి మహా అయితే వెయ్యికి కాస్త పైన మూడు బైట్ల మెసేజ్‌లు పడతాయి. మీ వా ఆ రోడ్డంతా ఆక్రమించేస్తే ప్రోగ్రామ్ ఛేంజ్ క్యూలో నిలబడింది.

అనలాగ్ పిన్ 0 నుంచి 1023 వరకు చదువుతుంది, దాన్ని 8తో భాగిస్తే 0 నుంచి 127. ముందు భాగించి ఆ తర్వాత పోల్చకండి, సరిగ్గా గీత మీద ఉన్న విలువ అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. 1023 లెక్కలోనే కిందటిసారి పంపినదానికి కనీసం 6 తేడా ఉంటేనే కొత్తది లెక్కలోకి తీసుకోండి, భాగించాక అంకె మారితేనే పంపండి. ఇంకోటి, పెడల్ పూర్తిగా తొక్కినా 1023 రాదు, పూర్తిగా వదిలినా 0 రాదు. మీ పెడల్ అసలు కనిష్ఠం, గరిష్ఠం ఎంతో చూసి, రెండు చివరలా కొంచెం లోపలికి కొలత పెట్టుకోండి. లేకపోతే వాల్యూమ్‌కి వాడినప్పుడు పూర్తి నిశ్శబ్దం ఎప్పటికీ రాదు.

అపస్వరం

ఒక అనుమానం. స్విచ్‌లు, పెడల్స్ ఇవన్నీ ఎందుకు, గిటారునే కంట్రోలర్‌గా చేయొచ్చు కదా? తీగ మీటితే మిడి నోటు వచ్చేలా.

పొగరాయుడు

చేస్తున్నారు, 1970ల నుంచీ గిటార్ సింథ్‌లు ఉన్నాయి. ఇంట్లో చేయడం మాత్రం వేరే యుద్ధం. అన్నిటికంటే మందమైన 'ఈ' (E) తీగ 82.4 హెర్ట్జ్, ఒక్క ఆవృతికే 12 మిల్లీసెకన్లు. స్వరం ఏదో నమ్మకంగా చెప్పడానికి కనీసం రెండు ఆవృతులు చూడాలి, అంటే మీటాక 24 మిల్లీసెకన్లకి గానీ నోటు పుట్టదు. ఆరు తీగలకీ విడివిడిగా ఆరు పికప్‌లు కావాలి. మీరు మొదలుపెడతానంటే ఆ చర్చకి మొదటి జవాబు నాదే.

ఆరోతీగ

నిన్న రిహార్సల్‌కి తీసుకెళ్ళాను. మూడు గంటలు వాడాను, ఒక్కసారి కూడా తప్పు టోన్ రాలేదు.

బల్ల మీద తెలియనివి అక్కడ తెలిశాయి. ఎల్ఈడీలకి 470 ఓమ్స్ పెట్టాను, చీకట్లో అవి కళ్ళల్లోకి టార్చి వేసినట్టున్నాయి, గుడ్డ టేపు ముక్కలు అతికించి నెట్టుకొచ్చాను. ఇవాళ 4.7 కిలో ఓమ్స్‌కి మార్చాను, సరిపోయింది. ఇంకోటి, కంట్రోలర్ ఆన్ చేయగానే 1వ స్విచ్ ఎల్ఈడీ వెలుగుతుంది, మోడలర్ మాత్రం కిందటిసారి ఆపిన ప్రీసెట్‌లోనే లేస్తుంది. ఆన్ అవ్వగానే ప్రీసెట్ 1 పంపమని రాశాను. అయినా పనిచేయలేదు, ఎందుకంటే మోడలర్ ఇంకా నిద్ర లేవలేదు. ఇప్పుడు 10 సెకన్లు ఆగి పంపుతోంది. రికార్డ్ చేద్దామని ల్యాప్‌టాప్‌ని బోర్డు యూఎస్‌బీకి తగిలిస్తే సన్నటి కీచు శబ్దం వచ్చింది, తీసేస్తే పోయింది.

పొగరాయుడు

మిడి కేబుల్‌కి అవతల ఆప్టోకప్లర్ ఉంటుంది, గ్రౌండ్‌లు కలవవు. యూఎస్‌బీ ల్యాప్‌టాప్ గ్రౌండ్‌ని, మీ అడాప్టర్ ద్వారా మిగతా పెడల్స్ గ్రౌండ్‌నీ కలిపేసింది. కోడ్ ఎక్కించేటప్పుడు తప్ప యూఎస్‌బీ పెట్టొద్దు.

ఆరోతీగ

అర్థమైంది. పెట్టె మూతకి ఇంకా నాలుగింటిలో రెండే స్క్రూలు బిగించాను. మళ్ళీ విప్పుతానని నాకు తెలుసు.

అపస్వరం

ఆ డ్రిల్ కొలతల బొమ్మ ఉంటే ఇక్కడ పెట్టండి. ఊరికే చూద్దామని.

ఆరోతీగ

సాయంత్రం పెడతా అన్నా. ఊరికే చూసేవాళ్ళయినా ముందు అట్టముక్క మీద తొక్కి చూడాలి, అక్క ఊరుకోరు.